బొమ్మలే బతుకుతెరువా? ఒక దాళ్వా కాలంలో తేల్చుకోవడం ఎలా

మన గోదావరి జిల్లాల్లో బొమ్మలు వేసే పిల్లలకి పదో తరగతి దాకా భలే మర్యాద. క్లాసులో అందరి సైన్సు రికార్డులూ వాళ్ల చేతికే వస్తాయి. వినాయక చవితి పందిట్లో వెనక తెర వాళ్లే వేస్తారు. చుట్టాలొస్తే అమ్మ డ్రాయింగు పుస్తకం తెచ్చి మరీ చూపిస్తుంది. ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాడు ఆ పుస్తకం అటకెక్కుతుంది. ఈ ప్రశ్న ఆ వయసువాళ్లకే అనుకోకండి. భీమవరంలో రొయ్యల మేత కంపెనీలో పనిచేస్తూనో, హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం మానేసి ఊరొచ్చాకో, ముప్పై దాటాక మళ్లీ తగులుకునేవాళ్లు ఎంతమందో. బొమ్మలు నమ్ముకోవాలా, ఇంకో దారి చూసుకోవాలా?

మంచం మీద పడుకుని ఆలోచిస్తే ఇది తేలదు. ఒక నాలుగు నెలలు గడువు పెట్టుకుని, చేతులతో పని చేసి, లెక్క రాసుకుని తేల్చుకోవాలి. అంటే దాళ్వా (రబీ వరి) నారు పోసిన దగ్గర్నుంచి కోతల దాకా. ఇంతకన్నా తక్కువ గడువు పెట్టుకుంటే మొదటి ఉత్సాహం తగ్గకముందే అయిపోతుంది, ఏమీ తెలియదు. ఎక్కువ అడిగితే ఇంట్లోవాళ్లు ఒప్పుకోరు, వాళ్లని తప్పుపట్టలేం కూడా. ఇంటర్ రెండో సంవత్సరంవాళ్లు పరీక్షలయ్యాక మొదలుపెట్టి కౌన్సెలింగు దాకా చేయండి. కాస్త తగ్గినా ఫర్వాలేదు.

ఒకటి: పని పేరు రాయండి

తెల్లకాగితం తీసుకుని, పొద్దున్న లేచిన దగ్గర్నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తూ గడపాలని మీకుందో రాయండి. "ఆర్టిస్టు అవుతాను" అని రాస్తే కొట్టేసి మళ్లీ రాయండి. మన చుట్టుపక్కలే బొమ్మ మీద బతికేవాళ్లు ఎన్ని రకాలున్నారో చూడండి. కొత్తపేటలో విగ్రహాల వర్కుషాపులున్నాయి. అక్కడ ముందు మట్టిలో నమూనా చేస్తారు, దాని మీద అచ్చు తీస్తారు, ఆ తర్వాతే ఫైబరో కంచో. రోజంతా నిలబడి చేసే పని, ఒంట్లో బలం ఉండాలి. ఉప్పాడలో జాందానీ చీర మీద పువ్వు ముందు గ్రాఫు కాగితం మీద గళ్ల లెక్కలో పుడుతుంది. ఓపికా, లెక్కా రెండూ కావాలి. బళ్ల గోడల మీద బొమ్మలు వేసేవాళ్లున్నారు, వాళ్లకి ఎండాకాలం సెలవులే సీజను. పెళ్లి మండపాల స్టేజీలు డిజైను చేసేవాళ్లు, ఫ్లెక్సీ షాపులో కంప్యూటరు ముందు కూర్చునేవాళ్లు, డ్రాయింగు మాస్టార్లు, హైదరాబాదు యానిమేషన్ స్టూడియోల్లో చేరినవాళ్లు, ఇంట్లో కూర్చుని టాబ్లెట్ మీద గీసి బయటి దేశాలవాళ్లకి అమ్మేవాళ్లు. వీళ్లలో ఏ ఇద్దరి రోజూ ఒకలా గడవదు.

మీకు నచ్చిన రెండు పనులు ఎంచుకుని, అవి చేసేవాళ్ల దగ్గరకెళ్లి ఒక్కొక్కచోట ఒక పూర్తి రోజు కూర్చోండి. చేతనైతే ఏదో ఒక సాయం చేయండి. ఊరికే చూస్తూ కూర్చున్నవాడికి ఎవరూ ఏమీ చెప్పరు. టీ టైములో అడగాల్సిన ప్రశ్నలు రెండే: ఏ నెలల్లో పని ఉండదు? డబ్బు ఎన్నాళ్లకి చేతికొస్తుంది?

ఇంకోటి కూడా కనిపెట్టండి: డబ్బు ఎక్కడ ఆగుతోందో. నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్ల లేసు అల్లికకి నూట యాభై ఏళ్లకి పైబడిన చరిత్ర ఉంది. 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ లేసు సముద్రాలు దాటి వెళ్తుంది. కానీ అరుగు మీద కూర్చుని కళ్లు పొడుచుకుని అల్లిన ఆవిడకి ముక్కకింతని వచ్చేదీ, ఏజెంటు దాటాక, ఎగుమతిదారు దాటాక పలికే ధరా పక్కపక్కన పెట్టి చూస్తే కడుపు తరుక్కుపోతుంది. నైపుణ్యానికి లోటేమీ లేదు అక్కడ. అమ్మే దారి ఆవిడ చేతిలో లేదు, అంతే. మీరు ఎంచుకునే పనిలో కొనేవాడు నేరుగా మీ దగ్గరకి వస్తాడా, మధ్యలో ఎవరైనా ఉంటారా అన్నది ముందే తెలుసుకోండి.

రెండు: ఎవరూ అడక్కుండా ఎంత గీస్తున్నారో చూసుకోండి

ఒక చిన్న డైరీ పెట్టి రోజూ రెండు సంగతులు రాయండి. ఎవరూ చెప్పకుండా ఎంతసేపు గీశారు, ఏది పూర్తి చేశారు. మొదలుపెట్టి వదిలేసినవి వేరే పేజీలో. నెల తిరిగేసరికి ఆ రెండో పేజీ నిండిపోయి మొదటిది ఖాళీగా ఉంటే, మీకు బొమ్మల ఆలోచన ఇష్టం, బొమ్మ పని అంత ఇష్టం లేదు. అది తప్పేమీ కాదు, తెలుసుకోవడం మంచిది.

ఫోన్లో ఫోటో చూసి హీరో ముఖం దించడం ఈ లెక్కలోకి తీసుకోకండి. చెయ్యి తిరగడానికి అది పనికొస్తుంది గానీ, దానికొచ్చే చప్పట్లు మిమ్మల్ని మోసం చేస్తాయి. బయట కూర్చుని గీయండి. రాజమండ్రి పుష్కరఘాటు మెట్ల మీదో, అంతర్వేది దగ్గర పడవలు లంగరేసినచోటో, కడియపులంక నర్సరీల్లో మొక్కల వరసల మధ్యో. మనుషులు కదులుతారు, ఎండ మారుతుంది, పక్కన నలుగురు చేరి "ఎవరి బొమ్మండీ ఇది?" అంటారు. అవన్నీ ఉండగా కూడా గీయబుద్ధేస్తే అది రాసుకోవాల్సిన సంగతే.

రాజమండ్రి వెళ్లినప్పుడు దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి తప్పకుండా వెళ్లండి. 1897లో ఆ ఊళ్లోనే పుట్టాడాయన. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ కుర్రాడి చెయ్యి చూసి ప్రోత్సహిస్తే బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదువుకుని, మళ్లీ సొంతూరికే వచ్చి, తోటివాళ్లకి నేర్పడం మొదలుపెట్టాడు. 1925లో మశూచి వచ్చి పోయాడు, ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. ఆ బొమ్మల ముందు "నేను ఇలా వేయగలనా" అని బెంబేలు పడకండి. ఆయనకి ఇరవై ఏళ్లకే పని చూసి తప్పొప్పులు చెప్పగల పెద్దదిక్కు దొరికింది. మీకు అలాంటి మనిషి ఎవరు? కాగితం మీద ఆ పేరు రాయలేకపోతే, నాలుగు నెలల్లో వెతకాల్సినవాటిలో అది మొదటిది. ఇన్‌స్టాగ్రామ్‌లో హృదయం గుర్తులు పెట్టేవాళ్లు ఆ లెక్కలోకి రారు, మేనత్తలు అసలే రారు.

మూడు: డబ్బు తీసుకుని వేయండి

అన్నిటికన్నా ఎక్కువ తెలిసేది ఇక్కడే. మీకు పరిచయం లేనివాళ్ల దగ్గర కనీసం మూడు ఆర్డర్లు పట్టండి. ఒకటి మీకిష్టమైనది, ఒకటి ఫర్వాలేదనిపించేది, మూడోది బొత్తిగా విసుగు పుట్టించేది అయుండాలి. ప్రైవేటు బడి గోడ మీద గుణింతాల పట్టిక, షాపు షట్టరు మీద పేరు, ఆరేళ్ల పిల్ల పుట్టినరోజుకి కార్టూను బొమ్మలు, అలాంటివి. ఆ మూడోదే మీ గురించి అసలు నిజం చెబుతుంది. ఎందుకంటే బొమ్మల మీద బతికేవాళ్ల నెలలో సగం పైన అలాంటి పనే ఉంటుంది.

ధర చెప్పడం మనకి కష్టం. గోదారోళ్ల మర్యాద అడ్డొస్తుంది. "మీకు తోచింది ఇవ్వండి" అన్నారంటే అయిపోయారు. పని మొదలెట్టకముందే ధర చెప్పి, సగం అడ్వాన్సు తీసుకుని, ఎన్నిసార్లు మార్పులు చేస్తారో కూడా చెప్పేయండి. చుట్టాలతోనే అసలు చిక్కు. "మనోడివే కదా, ఓ బొమ్మేసిపెట్టరా" అంటే ఇలా అనండి: "అలాగే మావయ్యగారూ, తప్పకుండా వేస్తాను. ఫ్రేముతో కలిపి ఇంతవుతుందండీ, సగం ఇప్పుడిస్తే సామాను తెచ్చుకుంటాను." గొంతు తగ్గించకండి, నవ్వు మానకండి. ఆయన సగంమంది మావయ్యల్లాగే "చూద్దాంలే" అని వెళ్లిపోతాడు. మంచిదే, మీ వారం రోజులు మిగిలాయి.

ఇప్పుడు లెక్క. ఉదాహరణకి, ఏ3 సైజు పెన్సిల్ పోర్ట్రెయిట్ 2,500 రూపాయలకి ఒప్పుకున్నారనుకుందాం. కాగితం, పెన్సిళ్లు, ఫ్రేము కలిపి 700. మిగిలింది 1,800. గీయడానికి 14 గంటలు పట్టింది. మంచి ఫోటో పంపమని వెంటపడటం, "మా నాన్నగారి మీసం ఇలా ఉండదండీ" అంటే దిద్దడం, ఫ్రేము కట్టించడం, బండి మీద తీసుకెళ్లి ఇవ్వడం ఇంకో 4 గంటలు. మొత్తం 18. గంటకి వంద రూపాయలు వచ్చింది. నెలకి 25,000 కావాలంటే 14 పోర్ట్రెయిట్లు వేయాలి, అంటే 252 గంటలు. రోజుకి దగ్గర దగ్గర పది గంటలు, నెలలో ఇరవై ఆరు రోజులు. అంత పని చేయగలరేమో. కానీ పెళ్లిళ్లు లేని ఆషాఢంలోనూ శూన్యమాసంలోనూ పధ్నాలుగు ఆర్డర్లు వస్తాయా?

ఈ లెక్క చూసి చాలామంది నీరుగారిపోతారు. అక్కర్లేదు. ఇందులో కదపగల అంకెలున్నాయి. ధర పెంచడానికి ఏం కావాలి? ఒకే బొమ్మని ప్రింట్లు తీసి అమ్మచ్చా? వారానికి రెండు పూటలు పిల్లలకి డ్రాయింగు చెబితే ఎంతొస్తుంది? ఇవి మీ సొంత అంకెలతో వేసుకోండి, నావి నమ్మకండి.

యంత్రాల గొడవ కూడా ఇక్కడే చెప్పుకోవాలి. కుంచెతో బోర్డులు రాసే ఆర్టిస్టుల పనిని ఫ్లెక్సీ తినేసింది. అక్షరం వంపు, కొలత బాగా తెలిసినవాళ్లలో కొందరు ఆ ఫ్లెక్సీ షాపుల్లోనే డిజైనర్లయ్యారు, మిగతావాళ్లు ఇళ్లకి రంగులేసే పనికెళ్లారు. ఇప్పుడు మాట చెబితే బొమ్మ గీసిచ్చే ఏఐ వచ్చి ఆ డిజైనరు కుర్చీ కిందికి చేరింది. అందుకని మీరు చేసే పనుల్లో, ఫోన్లో మాట టైపు చేస్తే ఐదు నిమిషాల్లో ఎవరికైనా వచ్చేసేది ఏదో గుర్తు పెట్టుకుని, దాని మీద బతుకు కట్టుకోకండి. గోడ ఎక్కి వేసేది, మట్టితో చేసేది, ఎదురుగా కూర్చోబెట్టుకుని గీసేది ఇంకా కొంతకాలం మనిషి చేతిలోనే ఉంటాయని నా అంచనా.

నాలుగు: రెండో ఇష్టాన్ని కూడా ఇలాగే పరీక్షించండి

ఎక్కువమంది వదిలేసేది ఇదే. బొమ్మలకి ఇంత పరీక్ష పెట్టి, కోడింగుకో రొయ్యల చెరువులకో బ్యాంకు ఉద్యోగానికో ఏ పరీక్షా పెట్టరు. అవి ఎలాగూ కూడు పెడతాయని గుడ్డి నమ్మకం. మీ రెండో ఇష్టం ప్రోగ్రామింగైతే అదే నాలుగు నెలల్లో ఒక చిన్న పని, పక్క వీధి కిరాణా కొట్టుకి బాకీల లెక్క చూపించే యాప్ లాంటిది, మొదలుపెట్టి పూర్తి చేయండి. చెరువులైతే నాన్నతో ఒక పంట మొత్తం తిరగండి. నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే. ఆ వేళ లేచి ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసొచ్చే ఓపిక మీకుందా? వంటైతే పదిమందికి వండండి. పాఠం చెప్పడమైతే ట్యూషన్ పెట్టండి.

దేనికైనా డైరీ ఒకటే. గంటలు, పూర్తైనవి, వచ్చిన డబ్బు, ఆ సాయంత్రం ఒంట్లో ఎలా ఉంది. నాలుగు నెలల చివర రెండు డైరీలూ పక్కపక్కన పెట్టి, విసుగేసిన రోజుల పేజీలు చూడండి. బాగున్న రోజున ఏ పనైనా బాగానే ఉంటుంది.

ఐదు: ఇంటి లెక్క, ఇంట్లో మాట

నెల జీతం తేకుండా మీ ఇల్లు మిమ్మల్ని ఎన్నాళ్లు మోయగలదు? దీనికి అంకె కావాలి. కౌలు బాకీ ఉందా, అక్క పెళ్లి ఉందా, అమ్మ మందుల ఖర్చు ఎంత, ఇవన్నీ కూర్చుని రాయండి. అంకె ఆరు నెలలైతే ఆరు నెలల దారి, మూడేళ్లైతే మూడేళ్ల దారి. ఇంటి అప్పు మీద నడిచే కళ ఎవరికీ సుఖం ఇవ్వదు.

మాట్లాడేది ఫలితాలొచ్చిన రోజున వద్దు, చుట్టాలున్నప్పుడు అసలు వద్దు. భోజనాలయ్యాక, నాన్నగారు వాలు కుర్చీలో కూర్చున్నప్పుడు, డైరీ చేత్తో పట్టుకెళ్లండి. "నాన్నగారూ, ఈ నాలుగు నెలల్లో మూడు ఆర్డర్లు చేశానండీ, ఇంతొచ్చింది, ఇంత ఖర్చయింది, ఇక్కడ నష్టపోయాను" అని మొదలెట్టండి. నష్టం కూడా చెప్పినవాడి మాట పెద్దవాళ్లు వింటారు. నాకిష్టం అంటూ మొదలెడితే ఆ సంభాషణ ఐదు నిమిషాల్లో ఏడుపులోకి దిగుతుంది. ఎదురుగా "బొమ్మలు కూడు పెడతాయేటి?" అనే మాట ఎలాగూ వస్తుంది. దానికి కోపం తెచ్చుకోకండి, పోర్ట్రెయిట్ లెక్క చూపించండి.

ఆడపిల్లలకి ఇంకో చిక్కుంది. అమ్మాయి బొమ్మలేస్తుందంటే మనవాళ్లు సంతోషంగానే ఒప్పుకుంటారు, ఎందుకంటే అది పెళ్లిచూపుల్లో చెప్పుకోవడానికి బాగుంటుంది. దాన్నే పనిగా చేస్తాను, విశాఖపట్నం హాస్టల్లో ఉండి చదువుతాను అంటే గొంతులు మారతాయి. అమ్మాయిలకి నా సలహా: మొదటి ఆర్డరు డబ్బు మీ పేరు మీదున్న బ్యాంకు ఖాతాలో పడేలా చూసుకోండి. చిన్న మొత్తమైనా సరే. పాస్‌బుక్కులో నెలనెలా కనిపించే వరస ఇంట్లో మీ తరఫున మాట్లాడుతుంది. సంబంధం చూసేటప్పుడు కూడా "ఖాళీగా ఉన్నప్పుడు వేస్తుంది" అని అననివ్వకండి, వారానికి ఎన్ని గంటలు పని చేస్తారో మీరే చెప్పండి.

ఆరు: చదవాలనుకుంటే

ఇంటర్లో ఏ గ్రూపైనా బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) చేయచ్చు, నాలుగేళ్లు. మనకి దగ్గర్లో విశాఖపట్నం ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. కడపలో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ కోర్సులకి ప్రవేశ పరీక్ష ఏడీసెట్. హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ) ఉంది. డిజైను చదవాలంటే నిఫ్ట్, ఎన్‌ఐడీల ప్రవేశ పరీక్షలు, ఐఐటీలకైతే యూసీడ్ రాయాలి. వీటిలో చూసి గీయడం, కొత్తగా ఊహించడం చూస్తారు, నున్నగా షేడింగు చేయడం ఒక్కటే సరిపోదు. డ్రాయింగు మాస్టారి దారిలోకి వెళ్లాలంటే ప్రభుత్వ పరీక్షల విభాగం పెట్టే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు ఇంకో చదువు చదువుతూనే రాసుకోవచ్చు. తారీఖులూ ఫీజులూ ప్రతి ఏడూ మారతాయి, నోటిఫికేషన్ మీరే చదవండి, వాట్సాప్‌లో వచ్చింది నమ్మకండి.

ఏ కాలేజీలోనైనా చేరేముందు అక్కడ చివరి సంవత్సరం చదువుతున్న ఇద్దరిని పట్టుకుని, పోయినేడు బయటికెళ్లినవాళ్లు ఇప్పుడేం చేస్తున్నారో అడగండి. ప్రిన్సిపాలుగారిని అడిగితే వేరే జవాబొస్తుంది.

ఏడు: రెండూ అంటే ఎలా

చాలామందికి ఈ దారే సరిపోతుంది, పైగా మన జిల్లాలకి ఇది కొత్త కాదు. నరసాపురంలో 1933లో పుట్టిన బాపు 1955లో మద్రాసులో లా పట్టా పుచ్చుకున్నాడు. ఆ ఏడాదే ఆంధ్రపత్రికలో కార్టూనిస్టుగా చేరాడు, ప్రకటనల కంపెనీల్లో పనిచేశాడు, సినిమాల్లోకి ఆ తర్వాతెప్పుడో వచ్చాడు. అంతకుముందు తరంలో భీమవరం వైపు అడివి బాపిరాజు, కూల్డ్రే శిష్యుల్లో ఆయనొకడు, లా చదివాడు, పాఠాలు చెప్పాడు, నవలలు రాశాడు, బొమ్మలేశాడు. వాళ్లకి కుదిరిందని మీకూ కుదురుతుందని చెప్పడం లేదు. లా చదివినంత మాత్రాన వాళ్ల చెయ్యి పాడవలేదని మాత్రం చెబుతున్నాను.

రెండూ చేయాలంటే ఉద్యోగాన్ని జీతం చూసి మాత్రమే ఎంచుకోకూడదు. సాయంత్రం ఏం మిగులుస్తుందో చూడాలి. రాత్రి షిఫ్టు, రోజూ భీమవరం నుంచి ఏలూరు తిరగడం, ఇంటికొచ్చాక కూడా మోగే ఫోను, ఇవి బొమ్మ పనిని మెల్లగా చంపేస్తాయి. ఐదు వేలు తక్కువొచ్చినా ఆరింటికి తలుపులేసే ఉద్యోగం మేలు. వారానికి రెండు పూటలు, ఏ పూటలో కూడా రాసుకుని, వాటిని పెళ్లి పిలుపులక్కూడా వదలకండి. కోనసీమలో కనుమ నాడు జగ్గన్నతోటకి వెళ్లే ప్రభల్ని చూడండి. వెదురు చీల్చి, రంగు గుడ్డలు చుట్టి అంత ఎత్తున నిలబెట్టేవాళ్లలో ఎందరికో మిగతా ఏడాదంతా పొలం పనో, కొబ్బరి పనో. వాళ్లని ఎవరూ ఆర్టిస్టులనరు, వాళ్లకి ఆ బెంగా లేదు. ఏడాదికి ఒక్కసారి వచ్చే పనే మీకు చాలనిపిస్తే, అది కూడా జవాబే.

ఎనిమిది: తారీఖు వేయండి

నాలుగు నెలలు పూర్తయ్యే రోజుని ముందే క్యాలెండరు మీద గుండ్రంగా చుట్టండి. ఆ రోజున డైరీలు, లెక్క, ఇంటి అంకె ముందు పెట్టుకుని మూడింటిలో ఒకటి రాయండి: బొమ్మలే; వేరే పనే, బొమ్మలు సరదాకి; లేదా రెండూ, ఫలానా ఉద్యోగంతో. దాని కింద మళ్లీ చూసుకునే తారీఖు, ఏడాదికో రెండేళ్లకో, వేయండి. మీ పని చూసి చెప్పే ఆ పెద్దమనిషికి కాగితం చూపించండి. ఆయన ఒప్పుకోకపోతే ఎందుకో అడిగి రాసుకోండి, నిర్ణయం మాత్రం మీదే.

ఏది రాసినా, అడ్వాన్సు పుచ్చుకున్న బొమ్మలన్నీ పూర్తిచేసి ఇచ్చాకే కాలేజీకో ఉద్యోగానికో బయల్దేరండి. ఇవ్వలేకపోతే అడ్వాన్సు ఇంటికెళ్లి తిరిగిచ్చేయండి. పాలకొల్లులో ఒకరికి ఎగ్గొడితే సాయంత్రానికి మార్టేరులో తెలుస్తుంది, రెండేళ్ల తర్వాత మళ్లీ బొమ్మల వైపు రావాలనుకుంటే మీకు ఆర్డర్లివ్వాల్సింది వీళ్లే.